తిరుపతిలో ఉంటూనే, మ్యాగజైన్‌కి పనికొచ్చే ఫొటో స్టోరీ ఎట్లా తీయాలి?

మా బావమరిది పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు, బాగా తీస్తాడు కూడా. పోయిన నెల ఇంటికొచ్చి "బావా, ఈ ముంబై ఢిల్లీ వాళ్ళు మ్యాగజైన్లకి తీసేవి చూస్తే కుళ్ళు పుడతా ఉంది, నా కెమెరా కూడా వాళ్ళ కెమెరాకి ఏం తీసిపోదు, మరి నావి ఎందుకు అట్లా రావు" అన్నాడు. కెమెరా విషయంలో వాడు చెప్పింది నిజమే, నాదానికి రెండింతల రేటు. ఫొటోలు చూపించమన్నా. కొండ మీద పొద్దుటి మంచు, వానాకాలం కపిలతీర్థం జలపాతం, బంతిపూల రాశి, గోవిందరాజస్వామి గుడి గోపురం మీద పావురాలు. అన్నీ కళ్ళకి బాగున్నాయి, కానీ ఒక్కదాంట్లో కూడా ఎవరు, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అనేది లేదు. క్యాలెండర్‌కి సరిపోతాయి, పత్రికకి సరిపోవు. ఆ రోజు వాడికి రెండు గంటలు చెప్పింది ఇక్కడ వరసగా రాస్తున్నా, మీకూ పనికొస్తే తీసుకోండి.

ముందు సంగతి, ఎడిటోరియల్ ఫొటో అంటే అందంగా ఉండే ఫొటో అని కాదు, ఒక రాతకి పక్కన కూర్చుని ఆ రాత చెప్పలేనిది చెప్పే ఫొటో. పెద్ద సిటీల్లో దీనికి పేరున్నవాళ్ళ వెనకాల ఎడిటర్, ఆర్ట్ డైరెక్టర్, లైట్లు పట్టుకునే అసిస్టెంట్, ఒక్కోసారి స్టైలిస్ట్ కూడా ఉంటారు. మనకి ఎవరూ ఉండరు, వాళ్ళందరి పని మనమే చేసుకోవాలి, అదే తేడా. ఇంకోటి మన దగ్గర ఉంది వాళ్ళ దగ్గర లేదు, ఆ ఊరు మనదే, పది సార్లు పోయినా బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

1. టాపిక్ చిన్నది పట్టుకోండి

"తిరుపతి" టాపిక్ కాదు. "గంగమ్మ జాతర" కూడా కాదు, అది ఇంకా పెద్దదే. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర చూడండి, మొదటి రోజు బైరాగి వేషం నుంచి చివర్లో విశ్వరూపం దాకా ప్రతి రోజూ ముందు వరసలో కెమెరాలే, అందరికీ ఒకటే యాంగిల్, ఒకటే ఫొటో. మీరు ఆ గుంపు వదిలేసి వేషం కట్టే ఒక్క మనిషి ఇంటికి పొండి. చీర కట్టించేది ఎవరు, పూలజడ తెచ్చేది ఎవరు, ఏ మొక్కు కోసం కడుతున్నాడు, వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి ఎట్లా చూస్తా ఉంది, అది టాపిక్.

మన చుట్టుపక్కల ఇట్లాంటివి కావాల్సినన్ని. జూన్ జూలైలో దామలచెరువు మామిడి మండీ, మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళు, విరిగిన ఎముకలకి వేసే పుత్తూరు కట్టు, నగరి మరమగ్గాలు, పలమనేరు మట్టిబొమ్మలు. నేనైతే మొదటి స్టోరీకి శ్రీకాళహస్తి కలంకారీనే, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పనినే చెప్తా, ఎందుకంటే పని నిదానంగా జరుగుద్ది, చేతులు కనిపిస్తాయి, కొత్తోడు కూడా తడబడకుండా తీయొచ్చు. తిరుపతి నుంచి గంట ప్రయాణం.

2. మొదటి రోజు కెమెరా బయటికి తీయొద్దు

ఇది చెప్తే మా వాడు నవ్వాడు. యూజీన్ స్మిత్ అని అమెరికా ఫొటోగ్రాఫర్, 1948లో లైఫ్ పత్రిక కోసం కొలరాడోలో ఒక పల్లె డాక్టరు వెంట 23 రోజులు తిరిగాడు, మొదట్లో ఆ డాక్టరుకి అలవాటు కావాలని కెమెరాలో ఫిల్మ్ వేయకుండానే క్లిక్ అనిపించేవాడని చెప్తారు. మనం అంత చేయక్కర్లేదు గానీ మొదటిసారి పోయినప్పుడు కూర్చుని టీ తాగండి, పని చూడండి, ఏ టైముకి ఏ కిటికీలోంచి ఎండ వస్తుందో చూసుకోండి. పెద్దాయనైతే "సామీ, మీ పని గురించి పత్రికకి పంపాలనుకుంటున్నా, నాలుగు సార్లు వచ్చిపోతా, మీకు ఇబ్బందేం లేదు కదా" అని ఉన్నదున్నట్టు అడగండి. ఫొటో పడిపోతుందని మాట ఇయ్యొద్దు, పడకపోతే ఆ వీధిలో మళ్ళీ మొహం చూపించలేరు.

3. కావాల్సిన ఫొటోల లిస్టు రాసుకోండి

ఒక్క మంచి ఫొటో వస్తే చాలనుకుంటారు. స్టోరీ అంటే ఎనిమిదో పదో రకరకాల ఫొటోలు కావాలి. చోటు మొత్తం తెలిసే వైడ్ ఒకటి, మనిషి పని చేస్తున్నది మధ్య దూరం నుంచి ఒకటి, దగ్గరగా చేతులో పనిముట్టో ఒకటి, మనిషి కెమెరా వైపు చూసే పోర్ట్రెయిట్ ఒకటి, ఇద్దరు మాట్లాడుకునేది ఒకటి, పని ముందు తర్వాత ఎట్లా మారిందో చూపించే వరస, చివరికి కథ ముగిసిందనిపించేది ఒకటి. ఇవన్నీ లేకపోతే ఎడిటర్ పేజీ కట్టలేడు.

కలంకారీలో అయితే ఇట్లా వస్తాయి. గాడా అనే ముతక నూలు గుడ్డని కరక్కాయ పొడి, బర్రె పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు, అక్కడ వైడ్. కాల్చిన చింతబరిక బొగ్గుతో ముందు బొమ్మ ఆనవాలు గీసుకుంటారు, అక్కడ మధ్య దూరం. ఆ తర్వాత వెదురు కలం. కలం కొనకి కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించి ఉంటుంది, దాన్ని కసిమిలో ముంచి వేళ్ళతో మెల్లగా నొక్కితే సిరా కొనలోకి దిగుతుంది. ఆ కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెట్టింది, దగ్గరికి పోతే పుల్లటి వాసన. ఇక్కడే అసలు ఫొటో ఉంది. కలం తగిలిన చోట గీత మొదట లేతగా పడుతుంది, మీరు చూస్తుండగానే నల్లబడుతుంది. గుడ్డలో ఉన్న కరక్కాయకి సిరాలో ఉన్న ఇనుము తగిలి వచ్చే నలుపు అది. ఒకే గీతలో ఒక కొన నల్లగా, కలం ఉన్న కొన ఇంకా లేతగా ఉండే క్షణం ఒకటి దొరుకుతుంది, వరసగా ఫొటోలు పడే కంటిన్యువస్ మోడ్‌లో పెట్టుకుని ఊపిరి బిగబట్టి తీయండి, నాకు మూడో రోజు దొరికింది. తర్వాత పటిక వేయడం, రంగులు, పారే నీళ్ళలో గుడ్డ జాడించడం, ఆ చివరిది ముగింపు ఫొటోకి బాగుంటుంది.

4. లైటు, సెట్టింగులు

50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటుంటే సగం పని అయిపోద్ది. ఇరుకు గదులు కాబట్టి 35 కూడా ఉంటే మంచిది. ఫ్లాష్ ఇంటికాడే పెట్టి రండి, కిటికీ పక్కన పని చేసేవాళ్ళని కిటికీ వెలుగులోనే తీయాలి. రా (RAW) ఫైలు, అంటే కెమెరా కుదించకుండా దాచేది, జేపెగ్ రెండూ ఆన్ చేసుకోండి. ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బులు ఉన్న గదిలో ఫొటోల మీద అడ్డంగా నల్ల పట్టీలు వచ్చి, మా వాడు కెమెరా చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోయాడు. చెడిపోలేదు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టుకుంటే పట్టీలు పోతాయి. చెయ్యి వేగంగా కదిలే చోట 1/250 కావాలి, అప్పుడు వాకిట్లోకో కిటికీ దగ్గరకో జరగమని అడగండి. వెలుగు తక్కువైతే పెంచే ఐఎస్ఓ 1600, 3200 అయినా భయపడొద్దు, రొంత గ్రెయిన్ ఉన్నా పర్లేదు, కదిలిపోయిన ఫొటోని ఎవరూ బాగుచేయలేరు.

5. అనుమతులు

తిరుమల గుడి లోపలికి ఫోను, కెమెరా ఏదీ పోదు, కొండ మీద డ్రోన్ నిషేధం, ఇవి మనకి తెలియంది కాదు. కొండ మీద పెద్ద కెమెరాతో షూట్ లాంటిది పెట్టుకోవాలంటే తితిదే అనుమతి లేకుండా అనుకోనే వద్దు. అలిపిరి మెట్ల దగ్గర గుండు చేయించుకుని దిగే భక్తులని, మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళని దొంగచాటుగా తీయడం నాకైతే నచ్చదు. మొక్కు వాళ్ళది, పేజీ మీది. అడగండి, పది మందిలో ఏడుగురు సరే అంటారు. పిల్లలుంటే అమ్మనో నాయననో అడగాలి.

6. పేజీ ఎట్లా ఉంటుందో తలలో పెట్టుకుని తీయండి

పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఎక్కువ తప్పేది ఇక్కడే, ఫ్రేమ్ అంతా నింపేస్తారు. పత్రికలో హెడ్డింగ్ పెట్టడానికి ఒక పక్క ఖాళీ కావాలి, గోడో ఆకాశమో. రెండు పేజీల మీద పరిచే ఫొటో అయితే మధ్యలో మడత వస్తుంది, మొహం సరిగ్గా అక్కడ పడితే ముక్కు కుట్టులోకి పోతుంది. అందుకే ప్రతి సీను అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీసుకోవాలి, నిలువుగా తీయకుండా ఇంటికొచ్చేస్తే కవర్ పేజీ చాన్స్ వదులుకున్నట్టే. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల లెక్క, 24 మెగాపిక్సెల్ ఫైలు సుమారు 6000 బై 4000 ఉంటుంది కాబట్టి 20 అంగుళాల వెడల్పు దాకా ధైర్యంగా వస్తుంది. అదే ఫైలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిండి పిండి చేసి పంపిస్తుంది, డ్రైవ్ లింకే పంపండి.

ఎడిటింగ్‌లో వెలుగు, రంగు, క్రాపింగ్ వరకు చేసుకోండి. అడ్డొచ్చిన ప్లాస్టిక్ బకెట్‌ని చెరిపేయడం, ఆకాశం మార్చడం, ఇప్పుడు ఏఐతో మనుషుల్ని తీసేయడం, ఇవి ఎడిటోరియల్‌లో ఒప్పుకోరు, ఒక్కసారి దొరికితే ఆ ఎడిటర్ మళ్ళీ మీ మెయిల్ తెరవడు. బకెట్ వద్దనుకుంటే తీసే ముందే చేత్తో జరపండి, అదీ వాళ్ళని అడిగి.

7. పంపడం, డబ్బులు

మెయిల్‌లో నాలుగు లైన్లు చాలు: కథ ఏంటి, ఎవరి గురించి, ఇప్పుడే ఎందుకు, నా దగ్గర ఎన్ని ఫొటోలున్నాయి. పది ఫొటోలు చిన్న సైజులో పెట్టండి, నలభై పంపితే ఏరుకోవడం రాదని వాళ్ళకి తెలిసిపోద్ది. హైదరాబాద్, చెన్నై, ఎక్కడైనా సరే, వారం ఆగి ఒకసారి గుర్తుచేయొచ్చు, రోజూ కాదు. జాతర స్టోరీ అయితే మే నెలలో కాదు, ఫిబ్రవరి మార్చిలోనే మాట్లాడుకోవాలి, నెలపత్రికలు అంత ముందే ప్లాన్ చేసుకుంటాయి.

హక్కుల విషయం డబ్బు తీసుకోకముందే రాతలో పెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి చెప్పి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ఫొటో హక్కు మొదట వాళ్ళదే అవుతుంది. మీ అంతట మీరు తీసి తర్వాత వాడుకోనిస్తే హక్కు మీ దగ్గరే ఉంటుంది, ఎన్నిసార్లు, ఎక్కడ, వెబ్‌లో కూడానా, అది మెయిల్‌లో రాయించుకోండి.

క్యాప్షన్లు మాత్రం ఇంటికొచ్చి రాద్దాంలే అనుకోవద్దు. ప్రతి ఫొటోకి ఎవరు, ఎక్కడ, ఏ తేదీ, ఏం చేస్తున్నారు, అక్కడే నోట్‌బుక్‌లో రాసుకుని, పేరు స్పెల్లింగు వాళ్ళకే చూపించండి. ఇది అనుభవం మీద చెప్తున్నా. నా కలంకారీ స్టోరీ పడినప్పుడు పత్రిక కాపీ పట్టుకుని సంబరంగా పోయి ఆ పెద్దాయన చేతిలో పెట్టా. ఆ నల్లబడే గీత ఫొటో అరపేజీ వేశారు, చెయ్యి, కలం, అంతే. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, నవ్వి, "బాగుండాదబ్బా, కానీ ఈ చెయ్యి నాది కాదే, మా తమ్మునిది" అన్నాడు. కింద క్యాప్షన్‌లో ఆయన పేరే ఉంది. తమ్ముడు పక్కనే కూర్చుని గీత గీస్తా ఉన్నాడు, తలెత్తలేదు.