మైనస్ 25 చలిలో పిల్లలను బడికి తయారుచేయడం ఎలా?

కెనడాలోని ఎడ్మంటన్‌కు కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలు సిన్ నంబరు (ఉద్యోగానికి కావలసిన సామాజిక బీమా సంఖ్య), ఆరోగ్య కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, బడిలో చేరిక వంటి పనులన్నీ రెండు నెలల్లోనే చక్కబెట్టుకుంటాయి. ఆ పనులకు ఫారాలున్నాయి, కౌంటర్లున్నాయి, తప్పు రాస్తే తిప్పి పంపేవాళ్లు ఉన్నారు. డిసెంబరులో ఒక సోమవారం ఉదయం ఆరేళ్ల పిల్లవాణ్ణి మైనస్ 25 డిగ్రీల చలిలోకి గడప దాటించే పనికి మాత్రం ఏ ఫారమూ లేదు. ఈ ఊళ్లో నాకు పదకొండు చలికాలాలు గడిచాయి, ఇద్దరు పిల్లలను ఇదే దారిన బడికి నడిపించాను, ఏటా కొత్తగా వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురికైనా ఈ పని దగ్గరుండి నేర్పాను. అయినా బడి గేటు దగ్గర ఏటా అవే పొరపాట్లు కనిపిస్తాయి, వాటికి మూలమూ ఒక్కటే: మనవాళ్లు చలిని ఆపాలని చూస్తారు గాని తడిని ఆపాలని చూడరు.

కొనవలసినవి

స్నో ప్యాంటు, చలికోటు, మైనస్ 30 వరకు తట్టుకుంటాయని రాసి ఉన్న బూట్లు, ఇక్కడివాళ్లు టూక్ అనే ఉన్ని టోపీ, నెక్ వార్మరు, నాలుగు వేళ్లకూ ఒకే అర ఉండి నీరు పట్టని చేతితొడుగులు, అంటే మిటెన్స్, రెండు జతలు, ఒంటికి అంటుకుని ఉండే పలుచని లోదుస్తులు రెండు జతలు, ఒక ఫ్లీసు (మెత్తని సింథటిక్ బట్ట) చొక్కా, నాలుగు జతల ఉన్ని మేజోళ్లు ఉంటే చాలు. వీటిని సెప్టెంబరులోనే కొనాలి, ఎందుకంటే మొదటి మంచు పడ్డాక చిన్న సైజులు దొరకవు. కోటు, స్నో ప్యాంటు వాడినవి కొనుక్కోవచ్చు. పిల్లలు ఒక్క ఏడాదిలో పొడవైపోయి వదిలేసినవి కాబట్టి అవి కొత్తవాటిలాగే ఉంటాయి. బూట్లు మాత్రం కొత్తవే కొనాలి, వాటి లోపలి లైనరు బయటికి ఊడి రావాలి. లైనరు ఊడిరాని బూటును ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా అక్కడే పెట్టేసి రావాలి.

కొనకూడనివి కూడా మూడు ఉన్నాయి. ఐదు వేళ్ల గ్లవ్స్ చిన్నపిల్లలకు పనికిరావు. మిటెన్స్‌లో నాలుగు వేళ్లు ఒకే అరలో ఒద్దికగా ఉండి ఒకదాని వేడి మరొకదానికి అందుతుంది, గ్లవ్స్‌లో ఏ వేలి చలి ఆ వేలిదే. మెడకు చుట్టే మఫ్లరు ఆటస్థలంలో జారుడుబల్లకో నిచ్చెనకో చిక్కుకుంటే మెడ బిగుసుకుపోతుంది కాబట్టి దాని బదులు తలమీదుగా తొడిగే నెక్ వార్మరే వాడాలి. ఇక మూడోది, అమ్మమ్మలు మనసు పెట్టి అల్లి పంపే మంకీ క్యాపు. అది ఊపిరిలోని తేమను నోటి దగ్గర పీల్చుకుని, పది నిమిషాల్లో గడ్డకట్టి, పిల్లవాడి పెదాలకు మంచు పలకలా ఆనుకుంటుంది. దానిని ఇంట్లో పెట్టి ఒక ఫొటో తీసి ఊరికి పంపితే అమ్మమ్మకూ తృప్తి, పిల్లవాడికీ సుఖం.

ముందురోజు రాత్రి

తలస్నానం రాత్రే ముగించాలి. ఉదయం తలంటి, తడి ఆరని జడతో పంపితే వీధి చివరికి చేరేలోగా ఆ జడ కర్రలా బిగుసుకుంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీలకే పేరుకుంటుంది, ఇంట్లో 21 డిగ్రీలే ఉంచుతాం కాబట్టి సీసాలో చలికాలమంతా అది గట్టిగానే ఉంటుంది. తలకు దాన్ని అరచేతిలో కరిగించి రాయండి, బుగ్గలకు మాత్రం వాసెలిన్ పలుచగా రాయండి.

పడుకునే ముందు వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతను కాదు, గాలిని కలుపుకుని ఒంటికి ఎంత చలి తగులుతుందో చెప్పే విండ్ చిల్ అంకెను చూడాలి. మైనస్ 20 డిగ్రీలున్న రోజు గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 33. ఆ అంకె మైనస్ 28 దాటాక కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది, మైనస్ 40 దగ్గర 5 నుంచి 10 నిమిషాలు చాలు. డిసెంబరు మూడో వారంలో ఇక్కడ ఉదయం 8:45 దాటాక గాని సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగుంపావుకే వెళ్లిపోతాడు కాబట్టి కోటు మీద లైటు పడితే మెరిసే పట్టీ ఉండేలా చూసుకోవాలి.

ఒంటికి తగిలే పొర

ముందుగా బనియన్ తీసేయాలి. మనకు పుట్టినప్పటి నుంచి ఒంటిమీద నూలు బనియన్ ఉండడం అలవాటు, రాజమండ్రి ఎండలో అది మంచి అలవాటే; నూలు చెమటను తాగుతుంది, ఆ తడి గాలికి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణమే ఇక్కడ శత్రువు. తాగిన చెమటను నూలు వదలదు, చలిలో ఆ తడిగుడ్డ ఒంట్లోని వేడిని లాగేస్తూనే ఉంటుంది.

మా మొదటి చలికాలంలో మా పెద్దమ్మాయికి ఐదేళ్లు. నేను నూలు బనియన్, దానిమీద నూలు చొక్కా, రెండు స్వెట్టర్లు, కోటు వేసి, ఇక చలి దరి చేరదన్న ధీమాతో పన్నెండు నిమిషాలు నడిపించి బడిలో దింపి వచ్చాను. మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్తే టీచరు ఏమీ అనకుండా ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చారు. అందులో పిల్ల బనియన్ ఉంది, పిండితే నీరు కారేంత తడిగా ఉంది. పిల్ల విరామంలో బయట వణికిందట, పాపం ఆమే ఇంకెవరిదో పొడి చొక్కా తొడిగి కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నవంబరు మొదలు మార్చి దాకా బనియన్లు పెట్టెలో ఉంటాయి.

బనియన్ స్థానంలో పలుచని మెరినో ఉన్ని గాని పాలియెస్టరు గాని ఉండాలి, దానిమీద ఫ్లీసు, దానిమీద కోటు. మూడు పొరలు, అంతకు మించి అక్కర్లేదు. నాలుగోది వేస్తే పిల్లవాడు చేతులు ఆడించలేడు, ఆడించలేనివాడు ఆడడు, ఆడకపోతే వేడి పుట్టదు. మేజోళ్లకూ ఇదే లెక్క: ఒక్క జత ఉన్నివి వేయాలి, రెండు జతలు వేస్తే బూటు బిగుతై కాలికి రక్తం సరిగా అందక వేళ్లు ముందు చల్లబడతాయి.

గడప దగ్గర పది నిమిషాలు

అందరూ దెబ్బతినేది ఇక్కడే. పిల్లవాడికి తడి పట్టేది వీధిలో కాదు, ఇంట్లోనే. ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు వేడికి 21 డిగ్రీలున్న గదిలో పిల్లవాడికి కోటు, టోపీ, మిటెన్స్ అన్నీ తొడిగేసి, ఆ తరువాత తల్లి తన కోటు వేసుకోవడం, తండ్రి కారు తాళాల కోసం వెతకడం, స్టవ్ ఆర్పామో లేదోనని ఒకరు వెనక్కి వెళ్లడం, అన్నం డబ్బా మరిచిపోయి ఇంకొకరు వెళ్లడం జరుగుతుంది. ఈ పది నిమిషాలూ పిల్లవాడు తలుపు దగ్గర ఉడుకుతూ నిలబడతాడు. మెడ వెనుక చెమట పడుతుంది, మిటెన్స్ లోపల అరచేతులు తడుస్తాయి. ఆ తడితోనే వాడు మైనస్ 25లోకి అడుగు పెడతాడు, బడికి చేరకముందే చేతులు మొద్దుబారాయని ఏడుస్తాడు, అప్పుడు మనం మిటెన్స్ సరిపోలేదనుకుని ఇంకా మందమైనవి కొంటాం. వాటిలో చెమట ఇంకా ఎక్కువ పడుతుంది.

కాబట్టి పెద్దవాళ్లే ముందు సిద్ధం కావాలి, ఇందులో మినహాయింపు లేదు. మీ బూట్లు, కోటు వేసుకుని, జిప్పు తెరిచే ఉంచి, సంచి, డబ్బా, తాళాలు గుమ్మం పక్కన పెట్టుకున్న తరువాతే పిల్లవాణ్ణి పిలవాలి. మూత్రానికి అంతకుముందే పంపి ఉండాలి; స్నో ప్యాంటు తొడిగిన మరుక్షణం వాడికి మూత్రం గుర్తుకొస్తుంది, ఇది ఏ దేశపు పిల్లలకైనా ఉన్నదే.

తొడిగే వరుస కూడా ముఖ్యమే, దాన్ని ఎవరేమన్నా మార్చకండి. మొదట స్నో ప్యాంటు, తరువాత బూట్లు, స్నో ప్యాంటు అడుగు అంచు బూటు మీదికి లాగాలి. అది బూటు లోపలికి వెళ్తే మంచు నేరుగా మేజోడులోకి జారుతుంది. ఆ తరువాత నెక్ వార్మరు, దాని కింది అంచు కోటు లోపల ఉండేలా చూసుకుని కోటు. అప్పుడు టూక్. చిట్టచివర మిటెన్స్. మిటెన్స్ ముందు తొడిగితే పిల్లవాడు జిప్పు పట్టుకోలేడు, మనం వేసే జిప్పులో నెక్ వార్మరు ఇరుక్కుంటుంది, అక్కడే మూడు నిమిషాలు పోతాయి. కోటు జిప్పును సగం దాకా వేసి, తలుపు తెరిచి, బయటి చలిగాలి ముఖానికి తగులుతుండగా మిగతా సగం వేయాలి. ఇంట్లోకి చలి వస్తుందని తలుపు మూసి ఉంచేవాళ్ల పిల్లలే చెమటతో బయలుదేరుతారు. ఆ ఒక్క నిమిషానికి ఫర్నేసు కాల్చే గ్యాసు ఎంతో నేను లెక్క వేయలేదు, వేయను కూడా.

సరిగా తయారైన పిల్లవాడికి గడప దాటగానే కొంచెం చలి అనిపించాలి. ఈ మాటను మన పెద్దలు ఒప్పుకోరు. మా అత్తగారు ఇక్కడ ఉన్న ఆరు నెలలూ మనవడు "చలి" అన్నప్పుడల్లా ఇంకొక స్వెట్టరు పట్టుకొచ్చేవారు, నేను తీసి దాచేదాన్ని. రెండు వీధులు నడిస్తే ఆ చలి పోతుంది. పోయిందో లేదో తెలుసుకోవడానికి చేతులు, ముక్కు తాకి చూడకండి, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. మీ మిటెన్ తీసి వాడి మెడ వెనుక, కాలరు లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడండి. వెచ్చగా పొడిగా ఉంటే సరే. వేడిగా తడిగా ఉంటే జిప్పు అంగుళం కిందికి లాగి, రేపు ఫ్లీసు తీసేయండి. చల్లగా ఉంటేనే పొర చాలలేదని అర్థం.

కారులో తీసుకువెళ్లేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. లావు కోటుతో కారు సీటు పట్టీలు బిగిస్తే, ప్రమాదం జరిగినప్పుడు కోటులోని దూది నలిగిపోయి పట్టీ వదులైపోతుంది. ఫ్లీసు మీదే పట్టీలు బిగించి, కోటును ముందువైపు నుంచి తిరగేసి దుప్పటిలా కప్పాలి.

బడిలో వాడంతట వాడు

ఇక్కడి బడుల్లో విరామానికి పిల్లలను బయటికే పంపుతారు. లోపలే ఉంచే హద్దు ఒక్కో బడికి ఒక్కో రకంగా, సుమారు మైనస్ 20కీ మైనస్ 27కీ మధ్య ఉంటుంది. అంటే మనం ఉదయం ఎంతో శ్రద్ధగా తొడిగిన వరుసను పిల్లవాడు రోజులో మరో రెండుసార్లు, ఇరవైమంది పిల్లల తొక్కిసలాటలో, మన సాయం లేకుండా తొడుక్కోవాలి. అక్టోబరులోనే ఇంట్లో ఆటలా సాధన చేయించాలి. కోటును నేలమీద పరిచి, కాలరు పిల్లవాడి పాదాలవైపు ఉండేలా పెట్టి, వంగి రెండు చేతులూ కోటు చేతుల్లోకి దూర్చి, తలమీదుగా వెనక్కి విసిరితే కోటు దానంతట అదే ఒంటిమీదికి వస్తుంది; మూడేళ్ల పిల్లలు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. జిప్పు కొనకు చిన్న తాడు కట్టండి. ప్రతి వస్తువు మీదా చెరగని సిరాతో పేరు రాయండి, ఎందుకంటే తరగతిలో సగం మిటెన్స్ నల్లవే.

బుగ్గ మీదో చెవి మీదో చర్మం పాలిపోయి, స్పర్శ తెలియడం లేదంటే ఆ చోటు గడ్డకట్టడం మొదలైందని అర్థం. లోపలికి తెచ్చి వెచ్చని అరచేయి ఆనించి ఉంచాలి, లేదా గోరువెచ్చని నీటితో వేడెక్కించాలి. రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలుతున్నదీ తెలియదు. రంగు తిరిగి రాకపోయినా, బొబ్బలు కనిపించినా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

తిరిగొచ్చాక

మంచును బయటే దులిపించండి. గడప లోపల కరిగిన మంచు ఉన్నిలోకి ఇంకుతుంది. బూట్ల లైనర్లు వెంటనే ఊడదీసి, మిటెన్స్, నెక్ వార్మరుతో పాటు నేలమీది వేడిగాలి వెంట్ దగ్గర, దానికి జానెడు దూరంలో ఆరబెట్టండి. ఎలక్ట్రిక్ హీటరు మీద మాత్రం ఏదీ వేయకండి. లైనరు తీయకుండా బూటును అలాగే ఉంచితే పైకి పొడిగా కనిపిస్తుంది గాని బొటనవేలి దగ్గర చెమట రాత్రంతా ఆరదు. మిటెన్స్ నోరు వెంట్ వైపు పెట్టాలి. పొద్దున్నే బొటనవేలి అర కొనదాకా వేలు పెట్టి చూడండి, తడి ఆఖరుగా మిగిలేది అక్కడే. అది తగిలితే రెండో జత తొడగండి.