చెన్నైలో సెప్టిక్ ట్యాంకు: వానలకు ముందే చూసుకోవడం ఎలా?

మడిపాక్కం, మేడవాక్కం, ఆవడి వైపు ఇల్లు కట్టుకున్న మన తెలుగువాళ్లలో చాలామందికి సెప్టిక్ ట్యాంకు గుర్తొచ్చేది కార్తీక మాసంలోనే. బయట మోకాలి లోతు నీళ్లు, లోపల మరుగుదొడ్డిలో నీరు దిగదు. అప్పుడు మురుగు తోడే లారీకి ఫోను చేస్తే వీధంతా అదే పని మీద ఉంటుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కాబట్టి, వినాయక చవితి దాటగానే ఒక ఆదివారం దీనికి కేటాయించండి.

ట్యాంకులో బరువైనది అడుగున మడ్డిగా పేరుకుంటుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది. నడుమ ఉన్న నీరు మాత్రమే ఇంకుడు గుంతకు పోవాలి. మడ్డి పెరిగిపోతే అదీ నీటితోపాటు కొట్టుకుపోయి, గుంత చుట్టూ ఉన్న మట్టి సందులను పూడ్చేస్తుంది. అలా పూడిన గుంత మళ్లీ సరిగ్గా నీరు పీల్చదు. ఈ శ్రమంతా నిజానికి ఆ గుంత కోసమే.

మూత తీసేటప్పుడు

ఒంటరిగా తీయకండి. పిల్లల్ని దూరంగా ఉంచి, అరగంట గాలి ఆడనివ్వండి. లోపల మీథేన్ ఉంటుంది, కాబట్టి అగ్గిపుల్ల, సిగరెట్టు దగ్గరికి రాకూడదు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ ప్రమాదకరం: మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే పట్టలేదు. వాసన తగ్గిందని తల వంచి చూడకండి. జారిపడిన బకెట్టు కోసమైనా సరే, మనిషి దిగకూడదు, ఎవరినీ దింపకూడదు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం కూడా. ఎవరైనా పడిపోతే వెంట దూకకుండా 112కు ఫోను చేయండి. కాపాడబోయి చనిపోయినవాళ్లే ఎక్కువమంది ఉండే సంఘటనలు మనం వింటూనే ఉన్నాం.

కర్రతో కొలత

పొడవాటి వెదురు కర్ర కింది నాలుగు అడుగులకు పాత తెల్ల తువ్వాలు చుట్టి పురికొసతో కట్టండి. ట్యాంకులో మురుగు ముందుగా చేరే మొదటి గదిలో నిలువుగా అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు ఆగి మెల్లగా తీయండి. బట్ట మీద నల్లగా అంటినంత మేర మడ్డి, పైన తడిసినంత మేర నీరు.

తెట్టు మందం చూడటానికి ఇంకో కర్ర చివర చిన్న చెక్క ముక్కను అడ్డంగా మేకు కొట్టండి. దాన్ని తెట్టులోంచి కిందికి తోసి, పైకి లాగుతూ ఎక్కడ అడ్డుపడుతుందో గుర్తు పెట్టుకోండి. మడ్డి, తెట్టు కలిపి మొత్తం లోతులో మూడో వంతుకు చేరితే లారీని పిలవాలి. మా ట్యాంకు లోతు నాలుగున్నర అడుగులు, కాబట్టి మా గీత అడుగున్నర. కొలవడం ఇష్టం లేకపోతే రెండు మూడేళ్లకోసారి తీయించేయండి.

లారీ వచ్చాక

అనుమతి ఉన్న లారీ కోసం 14420కు ఫోను చేయవచ్చు. మురుగు ఎక్కడ దింపుతారో అడగండి. కొడుంగయ్యూరు, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడిలలో మెట్రోవాటర్ (చెన్నై నీటి, మురుగు బోర్డు) శుద్ధి కేంద్రాలున్నాయి. అది పళ్లికరణై చిత్తడి నేలలోకి చేరితే మన బోరు నీళ్లకే చేటు.

పూర్తిగా గీకించకండి, కడిగించకండి. అడుగున కాస్త మడ్డి మిగిలితే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ మిగులుతాయి. పని అయ్యాక ట్యాంకును సగం వరకు మంచినీటితో నింపండి. వానాకాలంలో అయితే ఇది మరీ ముఖ్యం. ఒక నవంబరులో నేను తొందరపడి ట్యాంకు మొత్తం తోడించాను. తెల్లారేసరికి భూగర్భ జలం ఊరి మళ్లీ నిండింది. డబ్బు పోయిందని బాధపడుతుంటే, కింది నీటి ఒత్తిడికి ట్యాంకు అడుగు పగల్లేదు, సంతోషించండి అన్నాడు మేస్త్రి. ప్లాస్టిక్ ట్యాంకయితే ఖాళీ కాగానే తేలిపోయే ప్రమాదం కూడా ఉంది. వానల్లో తప్పనిసరైతే కొంతే తీయించి, నీటి వాడకం తగ్గించండి.

మిగతా రోజుల్లో

డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, వేపుడు నూనె, కొబ్బరి పీచు లోపలికి పోకూడదు. ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు వీలైనంత తగ్గించండి. గాలి గొట్టానికి దోమల వల కట్టండి. మా అత్తగారు పేడ నీళ్లు పోయమంటారు, దుకాణంలో పొడులు అమ్ముతారు. రెండూ అక్కర్లేదు, మన మలంలోనే కావలసినన్ని సూక్ష్మజీవులున్నాయి.

డాబా మీది వాన గొట్టాన్ని మాత్రం ట్యాంకులో కలపకండి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి, ఆ నీరు వేరే గుంతకు పోవాలి. బావికి, మురుగు ఇంకుడు గుంతకు మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. మన చిన్న స్థలాల్లో అది కుదరడం కష్టం. కుదరనివాళ్లు బావి నీటిని వంటకు, తాగడానికి వాడకుండా ఉండటమే మేలు.

కొలిచిన తేదీ, అంగుళాలు మీటరు పెట్టె తలుపు లోపలివైపు రాసి పెట్టండి. మా తలుపు మీద ఈ ఏటి లెక్క: మడ్డి పదకొండు, తెట్టు రెండు. లారీ వచ్చే ఏడాదికి.