బోరు నీళ్ళకు పెట్రోలు వాసన: ఎక్కడ వెతకాలి, ఎలా వదిలించాలి

సమస్య: బోరు నీళ్ళు తేటగానే ఉన్నాయి. వేడి చేస్తే మాత్రం టర్పెంటైన్ లాంటి ఘాటు వాసన. బెంగళూరులో పెట్రోలు బంకుల పక్కన ఉండే అపార్ట్‌మెంట్లవాళ్ళు నాకు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే.

ముందు చూడవలసింది: ఫిల్టరు కొనడానికి పరుగెత్తకండి. మోటారు వేసి, నీళ్ళు సంప్‌లో పడకముందే బోరు మూతి దగ్గర గాజు గ్లాసులో పట్టి వాసన చూడండి. తర్వాత సంప్ నీళ్ళు, ఆ తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు. పైసా ఖర్చు లేని ఈ పనిని అందరూ వదిలేస్తారు, ఎన్నిసార్లు చెప్పినా! బోరు దగ్గర వాసన లేకుండా సంప్‌లో ఉంటే లోపం మీ ఆవరణలోనే ఉంది: జనరేటర్ డీజిలు, పార్కింగులో సరిగా మూతపడని సంప్, కొత్త పైపులకు పూసిన జిగురు, లేదా ట్యాంకరు నీళ్ళు.

నీటి మీద రంగురంగుల పొర కనిపిస్తే పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే అది ఇనుము బాక్టీరియా పని. విడిపోయి మళ్ళీ కలిసిపోతే నూనె. అగ్గిపుల్ల గీసి చూసే ప్రయోగం మాత్రం ఎవరూ చేయవద్దు.

అసలు దొంగ: బోరు మూతి దగ్గరే వాసన ఉంది, పొర మాత్రం లేదు. అప్పుడు నేను మొదట అనుమానించేది ఎంటీబీఈని, అంటే మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్‌ని. పెట్రోలు బాగా మండటానికి కలిపే పదార్థం ఇది. పెట్రోలులోనే ఉండే విష పదార్థం బెంజీన్ లీటరు నీటిలో రెండు గ్రాములు కూడా కరగదు. ఎంటీబీఈ 40 గ్రాములకు పైగా కరుగుతుంది. మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులు దాన్ని త్వరగా తినవు. అందుకే బంకు ట్యాంకు కారితే మిగతా పెట్రోలు కంటే ముందు ఇదే నీటితో పాటు ప్రయాణిస్తుంది. ఇక్కడి రాతి పగుళ్ళలో ఎటు వెళ్తుందో ఊహించడం కష్టం. బోరు కేసింగ్ (బోరు పైభాగంలో దించే గొట్టం) చుట్టూ సిమెంటు సరిగా పోయకపోతే పై పొరల్లోని కాలుష్యం ఆ సందులోంచి నేరుగా లోతుకు దిగుతుంది.

ల్యాబు దగ్గర కూడా ఇది మోసం చేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో రిపోర్టులో ‘నూనె, గ్రీజు: లేదు’ అని ఉండటంతో సంఘం నిశ్చింతగా వాల్వు తెరిచింది. వాసన అలాగే ఉంది. ఆ పరీక్షకు ఎంటీబీఈ చిక్కదు. గ్యాస్ క్రొమటోగ్రఫీతో, అంటే నీటిలోని రసాయనాలను విడదీసి గుర్తించే పరీక్షతో, ఎంటీబీఈని, బెంజీన్‌ని చూడమని పేరు పెట్టి అడగండి. 40 మిల్లీలీటర్ల గాజు సీసాను అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి చూడాలి. గాలి బుడగ కనిపిస్తే మళ్ళీ పట్టాలి. మంచులో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. ప్లాస్టిక్ సీసా పనికిరాదు.

బెంజీన్‌ని కూడా ఎందుకు అడగాలంటే, ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. సూక్ష్మజీవులు ముందు ఇథనాల్‌ని తింటూ ఆక్సిజన్ అంతా వాడేస్తాయి. ఆలోగా బెంజీన్ మరింత దూరం పోతుంది.

పరిష్కారం: తాగడానికి, వంటకు ఆ నీళ్ళు వెంటనే ఆపండి. మరిగిస్తే ఆ రసాయనం వంటింటి గాలిలోకి చేరుతుంది. ఇంటి ఆర్‌ఓలోని చిన్న కార్బన్ గుళిక త్వరగా చేతులెత్తేస్తుంది. మోటారు ఎక్కువసేపు నడిపి ‘కడిగేద్దాం’ అనుకోకండి, కాలుష్యాన్ని మీవైపు లాక్కుంటారు. రిపోర్టుతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. బంకు ట్యాంకులకు, పైపులకు లీకు పరీక్ష చేయించాలని అందులో స్పష్టంగా అడగండి. మూలం మూయకుండా ఎంత శుద్ధి చేసినా వృథా.

తర్వాతి పని నిపుణులది: పైన తేలే పెట్రోలు తోడటం, మట్టిలోని ఆవిరి లాగడం, నీటిని పైకి తెచ్చి గాలి పోసి శుద్ధి చేయడం. ఎంటీబీఈ నీటిని సులువుగా వదలదు కనుక బెంజీన్‌కు సరిపోయే గాలి దీనికి చాలదు. మిగిలినదాన్ని కొబ్బరి చిప్ప కార్బన్‌తోనో, ఓజోన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడో తీస్తారు. అమెరికాలో శాంటా మోనికా నగరం 1996లో ఎంటీబీఈ వల్లే తాగునీటి బావులు మూసింది. శుద్ధికి ఏళ్ళు పట్టింది.

ఎవరో కావాలని బోరులో పోశారన్న అనుమానాలు అరుదుగా నిజమవుతాయి, వాటితో కాలం వృథా చేయకండి.

శుద్ధి ఆపాక కొన్ని నెలలు ఆగి మళ్ళీ పరీక్షించండి. రాతి పగుళ్ళలో మిగిలినది మెల్లగా తిరిగి రావచ్చు. ఆ బోరును వదిలేయాలనుకుంటే మూత పెట్టి ఊరుకోకుండా అడుగు నుంచి సిమెంటుతో పూడ్పించండి.