స్వింగ్ ప్లేన్ తప్పిందా? ముందు కాళ్ల కింద నేల చూడండి

గోల్ఫ్‌లో బంతి వంకర పోతోందని వీడియోలు పంపేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: పాదాల ముందు, గురి వైపు చూసేలా నేల మీద కర్ర పెట్టి చూశారా? పెట్టరు. మోచెయ్యి లేచిందా, భుజం తిరిగిందా అని ఆపి ఆపి చూస్తారు గానీ పాదాలు ఎటు చూస్తున్నాయో చూసుకోరు. పైగా ఫోనును ఏ కొబ్బరి మొదలుకు వీలైతే దానికి ఆనించేస్తారు. అది చేతుల ఎత్తులో, చేతులకు తిన్నగా వెనక లేకపోతే మంచి ప్లేన్ కూడా తప్పుగానే కనబడుతుంది.

ప్లేన్ అంటే గోడకు చేరవేసిన బండి చక్రం అనుకోండి. క్లబ్ (బంతి కొట్టే సాధనం) తిరిగే దారి అలా వాలి ఉంటుంది. ఆ వాలు క్లబ్‌ను బట్టి మారుతుంది. డ్రైవర్ (దూరం కొట్టే క్లబ్) పొడుగు కాబట్టి లై కోణం, అంటే నేలకూ క్లబ్ కాడకూ మధ్య కోణం, 58 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, చక్రం కాస్త పడుకుంటుంది. వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడేది) పొట్టి, 64 దగ్గర, చక్రం నిలబడుతుంది. రెండింటికీ ఒకే వాలు రావడం లేదని టెన్షన్ పడక్కర్లేదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా కుడిచేతి వాటం వాళ్లకు.

ఎడమగా బయల్దేరి కుడికి తిరిగితే

క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తోంది, ఆ దారితో పోలిస్తే ముఖం (బంతికి తగిలే వైపు) తెరుచుకుని, అంటే కుడికి చూస్తూ ఉంది. కర్ర పెట్టండి. పాదాలు సరిగ్గానే ఉన్నా భుజాలు ఎడమకు తెరుచుకుని ఉంటాయి, అందుకే కర్రను రొమ్ముకు అడ్డంగా కూడా పట్టి చూడాలి. అది సరిచేశాక కూడా పోకపోతే బంతికి అవతల, కొంచెం వెనగ్గా ఒక కొబ్బరి డొక్క పెట్టి, దానికి తగలకుండా కొట్టండి. తగిలినా క్లబ్‌కు ఏమీ కాదు.

బంతికి ముందే మట్టి లేస్తే

చాలాసార్లు ఇది ప్లేన్ గొడవ కాదు, బరువు వెనక కాలి మీదే ఉండిపోవడం. ముందు కాలి మీదికి రండి.

తోటలో తిన్నగా, కోర్సులో ఎడమకు పోతే

నన్ను మూడు నెలలు తిప్పలు పెట్టింది ఇదే. రోజూ కోనసీమలో ఒక కొబ్బరి తోటలో వరసల మధ్య ఐరన్లు (మధ్య దూరాల క్లబ్‌లు), వెడ్జ్ కొట్టేవాణ్ణి. గీత గీసినట్టు పోయేవి. కోర్సుకు వెళ్తే అవే క్లబ్‌లతో బంతి ఎడమకు. డ్రైవర్ మాత్రం మామూలుగానే ఉండేది. పట్టు మార్చాను, వెనక్కి తీసే తీరు మార్చాను, ఏదీ పనిచెయ్యలేదు.

ఒకరోజు ఊడ్చిన నేల మీద బంతి పెడితే నెమ్మదిగా దొర్లి పక్కకు పోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది. తోట చూసుకునే పెద్దాయన నవ్వి, “నీళ్లు బోదెలోకి దిగాలని వాలు మేమే తీశామండి, ఆయ్” అన్నాడు. నీరు పల్లమెరుగు అంటారు. నాకు మాత్రం మూడు నెలలకు గానీ తెలియలేదు. డెల్టా అంతా అరచెయ్యిలా చదునని మన కంటికి అలవాటు, దాన్ని నమ్ముకున్నాను.

జరిగింది ఇది. నేను నిలబడే చోటు ఎత్తు, బంతి బోదె వైపు పల్లంలో. అలాంటప్పుడు వంగి కొట్టాలి, ప్లేన్ నిటారవుతుంది, క్లబ్ ముఖం కుడికి చూస్తుంది. మీటరుకు 9 సెంటీమీటర్ల వాలంటే 5 డిగ్రీలు. 34 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న 7 ఐరన్ ముఖం దానికి సుమారు 3.4 డిగ్రీలు కుడికి తిరుగుతుంది, 140 మీటర్ల దూరంలో అది 8 మీటర్లు. నాకు తెలియకుండానే చేతులు ఆ తేడాను ఎడమకు లాగి సర్దడం నేర్చుకున్నాయి. చదును నేల మీద ఆ సర్దుబాటే తప్పయింది. డ్రైవర్ కొట్టే జాగా తోటలో లేదు కాబట్టి దానికి ఆ అలవాటు అంటలేదు.

తేడా పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ముఖం తెరుచుకోవడం వల్ల వచ్చే వంపు డ్రైవర్‌లో ఎక్కువ, వెడ్జ్‌లో తక్కువ. నేల వాలు వల్ల వచ్చేది తిరగేసి ఉంటుంది: లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్ ఎక్కువ తప్పుతుంది. 10 డిగ్రీల డ్రైవర్ ముఖం అదే వాలుకు 1 డిగ్రీ కూడా తిరగదు.

పరిష్కారం: తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, పాదాల నుంచి బంతి వైపు పెట్టి చూడండి. అది దొరక్కపోతే పీట వేసి దాని మీద బంతి వదలండి. గట్టు పక్కన, బోదె అంచున కొట్టకండి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక మడి మధ్యకు దిగండి. నీళ్లు నిలబెట్టడానికి చదును చేసిన నేల అది, అంతకంటే మట్టమైనది మనకు దొరకదు. బీటల్లో బంతి ఇరుక్కుంటుంది కాబట్టి చిన్న మ్యాట్ పట్టుకెళ్లండి. చేతులు పాత అలవాటు వదలడానికి నాకు రెండు వారాలు పట్టింది. మొదటి నాలుగు రోజులు బంతులు ఎడమకే పోయాయి, మధ్యలో మళ్లీ పట్టు మార్చకండి.

షాఫ్ట్ (క్లబ్ కాడ) వంగిందనో, క్లబ్ లై కోణమే తేడా అనో మిగతావి ఉంటాయి గానీ అరుదు. మట్టమైన నేల మీద కూడా ఒక్క క్లబ్‌తోనే తప్పుతుంటే అప్పుడు ఆ క్లబ్‌ను చూపించండి.