నూనెరంగుల పాఠాలు – 5: గ్లేజ్

గత పాఠంలో తెలుపు, నలుపు కలిపిన బూడిద ఛాయలతోనే ఆపిల్ వేశారు. ఇప్పుడు దాని మీద ఎరుపు ఎక్కించాలి. రంగుతో కప్పెయ్యడం కాదు, కింది వెలుగునీడలు కనబడేలా రంగుటద్దం లాంటి పొర పరచడం. ఈ పొరనే గ్లేజ్ అంటారు. పైన పడే ప్రతి పొరా బొమ్మను కొంత ముదురు చేస్తుంది. అందుకే అడుగు బొమ్మను కావలసినదానికంటే లేతగా వెయ్యమన్నది.

ముందు అడుగు ఆరిందో లేదో చూడండి. వేలికి అంటకపోతే సరిపోదు. టర్పెంటైన్‌లో కాస్త తడిపిన గుడ్డతో ఓ మూల మెల్లగా రుద్దండి. గుడ్డకు బూడిదరంగు వచ్చిందంటే ఇంకో వారం ఆగాల్సిందే.

ఏ రంగు పడితే ఆ రంగు గ్లేజ్‌కి పనికిరాదు. చాలా ట్యూబుల మీద చిన్న చతురస్రం గుర్తు ఉంటుంది: ఖాళీగా ఉంటే పారదర్శకం, నిండుగా ఉంటే కాదు. అలిజరిన్ క్రిమ్సన్ (ముదురెరుపు), అల్ట్రామెరీన్ (నీలం), విరిడియన్ (ఆకుపచ్చ) నిక్షేపంగా పనిచేస్తాయి. కాడ్మియం రెడ్‌ని ఎంత పలచన చేసినా మసకే మిగులుతుంది.

అవిసెనూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలపండి. బఠాణీ గింజంత అలిజరిన్‌కి ఈ మిశ్రమం నాలుగైదు చుక్కలు చాలు. అచ్చు కాగితం మీద కాస్త పూసి చూడండి. కింది అక్షరాలు చదవగలిగితే పాకం కుదిరినట్టే. మెత్తని వెడల్పు కుంచెతో పల్చగా పరిచి, పొడి కుంచెతో పైపైన నిమిరి గీతలు చెరిపెయ్యండి. వెలుగు పడే చోట వేలికి గుడ్డ చుట్టి తుడిచేస్తే అడుగు తెలుపు మళ్లీ మెరుస్తుంది.

రెండో పొర వేస్తే, మొదటిది పూర్తిగా ఆరాక, నూనె కొంచెం పెంచి వెయ్యండి. కింది పొరలో నూనె ఎక్కువైతే అది నెమ్మదిగా ఆరుతూ కదులుతుంటుంది, ముందే బిగుసుకున్న పై పొర పగులుతుంది. అలాగని నూనె గుమ్మరిస్తే ముడతలు పడి, పసుపెక్కుతుంది.

ఒక్కోసారి గ్లేజ్ తామరాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా విడిపోతుంది. అడుగు మరీ నున్నగా ఉన్నప్పుడు వచ్చే తంటా ఇది. తుడిచేసి, అవిసెనూనె ఒక్క చుక్క రుద్ది, దాదాపు అంతా తుడిచి మళ్లీ వెయ్యండి. ఆ నూనెగుడ్డలు మాత్రం కుప్పగా పడెయ్యొద్దు. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుని మండొచ్చు. నీళ్లలో ముంచండి, లేదా విడివిడిగా పరచి ఆరబెట్టండి.

ఇక చూపుకి పని. యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల చిత్రంలో ఆమె పచ్చ గౌను మడతలు చూడండి. కుంచె జాడ దాదాపు కనిపించదు, పచ్చదనం లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది. మోనే 1872 నాటి సూర్యోదయ చిత్రంలో నారింజ సూర్యుడు బూడిదరంగు మీద అద్దిన రంగుముద్ద, వెలుగంతా పైపొరలోనే. బొమ్మ ఏ కాలానిదో గుర్తుపట్టడానికి ఈ తేడా మంచి ఆనవాలు, కానీ అదొక్కటే నమ్మకండి. గ్లేజ్ రంగు మారిపోయి ఉండొచ్చు. వెర్మీర్ వేసిన ‘ముత్యపు పోగు అమ్మాయి’ చిత్రంలో ఆమె వెనక ఇప్పుడు కనిపించే నల్లటి తలం ఒకప్పుడు ముదురాకుపచ్చ. నీలిమందు, వెల్డ్ మొక్క పసుపు కలిపిన గ్లేజ్ అది. ఏళ్ల తరబడి వెలుతురు తగిలి రంగు మారిపోయింది.

వచ్చే పాఠానికి ఆపిల్ నీడవైపు మాత్రమే అల్ట్రామెరీన్ గ్లేజ్ ఒకటి వేసి ఉంచండి.