ఇంటి పేకాట, 5వ పాఠం: డ్రాప్ చేయాలా, ఆడాలా?

రమ్మీలో చెయ్యి బాగోకపోతే డ్రాప్ చేయమని, అంటే కొన్ని పాయింట్లు ఇచ్చుకుని ఆ ఆటలోంచి తప్పుకోమని, గత పాఠంలో చెప్పాను. అది చదివాక చాలామంది ప్రతి రెండో ఆటకీ ముక్కలు బోర్లించేస్తున్నారు. పది ఆటల్లో ఆరు డ్రాప్ చేసి, 120 పాయింట్లు పోగొట్టుకుని, ‘మీరు చెప్పినట్టే చేశాం’ అంటున్నారు. ఐదుగురి ఆటలో ముగ్గురు రోజూ ఇలాగే చేస్తే పండక్కి పిలిచిన ఇంటివాళ్లకీ కష్టంగా ఉంటుంది. అందుకని పారేసే ముక్కల లెక్క వచ్చే పాఠంలో చూద్దాం. ఈసారి కూడా డ్రాపే.

లెక్కలన్నీ ఐదుగురు ఆడే పాయింట్ల రమ్మీకి. రెండు పేకలు, ఒక్కో పేకకి ఒక ప్రింటెడ్ జోకరు, మొత్తం 106 ముక్కలు. మొదటి డ్రాప్ (ఒక్క ముక్క కూడా తీయకముందే తప్పుకోవడం) 20, మిడిల్ డ్రాప్ (ఆట మధ్యలో తప్పుకోవడం) 40, ఫుల్ కౌంటు (ఓడితే గరిష్ఠంగా పోయేది) 80. కౌంటంటే ఓడినప్పుడు చేతిలో కుదరకుండా మిగిలిన ముక్కల విలువ: బొమ్మలకి పదేసి, అంకెల ముక్కలకి వాటి అంకె. మిగతాదంతా మీకు తెలిసిందే.

ప్యూర్ సీక్వెన్స్ (జోకరు సాయం లేకుండా ఒకే గుర్తున్న మూడు వరస ముక్కలు; ఇది లేకపోతే పదమూడు ముక్కలూ కౌంటులోకి వస్తాయి) చేతిలో లేదని డ్రాప్ చేయకండి. అది వచ్చే దారి లేకపోతే చేయండి. ఇస్పేటు 6, 7 ఉన్నాయనుకోండి. ఇస్పేటు 5 వచ్చినా 8 వచ్చినా పని అవుతుంది. రెండు పేకలు కాబట్టి నాలుగు ముక్కలు. అదే 6, 8 అయితే మధ్యలో 7 ఒక్కటే దారి, రెండు ముక్కలే. ఆసు, 2 పక్కపక్కన ఉన్నా అంతే, 3 తప్ప దిక్కులేదు. ఇస్పేటు 6, 7తో పాటు ఆఠీను 9, 10 కూడా ఉంటే ఎనిమిది ముక్కలు.

మీ పదమూడు, తెరిచిన జోకరు (ఆ ఆటకి జోకరుగా తిప్పిన ముక్క), ఓపెన్ కార్డు (అందరికీ కనపడేలా పైన ఉన్న ముక్క) పోను కనపడనివి 91. నాలుగు వంతులు తిరిగేసరికి మూసిన పేకలోంచి నాలుగు, మీ ముందు ఆడేవారు పారేసినవి నాలుగు, వెరసి ఎనిమిది ముక్కలు మీ కంటబడతాయి. రెండు ముక్కల దారికి ప్యూర్ వచ్చే అవకాశం 17 శాతం, నాలుగు ముక్కలకి 31, ఎనిమిదికి 54. మీ ముందున్నవారు గట్టి ఆటగాళ్లయితే మధ్య ముక్కలు వదలరు కాబట్టి కొంత తగ్గించుకోండి. నా పద్ధతి మొరటుదే: చేతిలో ఒక జోకరు ఉంటే నాలుగు ముక్కల దారి చాలు, జోకరు లేకపోతే ఎనిమిది కావాలి.

ఆడి గెలవాలన్న భయం కూడా అనవసరం. డ్రాప్ చేస్తే 20 ఖాయంగా పోతుంది. కాబట్టి పోల్చాల్సింది సున్నాతో కాదు, పోయే ఆ 20తో. గెలిస్తే సుమారు 100 వస్తుందనీ, ఓడితే 45 పోతుందనీ అనుకుంటే, గెలిచే అవకాశం 17 శాతం దాటగానే ఆడటమే లాభం. ఐదుగురిలో మీ సగటు వంతే 20 శాతం. అంటే సగటుకన్నా కాస్త నాసి చెయ్యి కూడా ఆడదగ్గదే. పదిలో ఆరు డ్రాప్ చేసినవాళ్లు పోగొట్టుకున్నది ఇక్కడే.

ఇక అసలు జబ్బు మిడిల్ డ్రాప్. బాగా ఆడేవాళ్లు కూడా ఇందులో పడుతున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. పక్కవాళ్లు వరసగా రెండు ఓపెన్ కార్డులు తీసుకోగానే ‘వాళ్లది అయిపోవచ్చింది, 40తో బయటపడదాం’ అంటారు. ముందు మీ చేతిలో ఎంత కౌంటుందో చూసుకోండి.

ఈ చెయ్యి చూడండి. ఆఠీను 4, 5, 6 ప్యూర్. డైమను 8, 9తో ప్రింటెడ్ జోకరు. మిగిలినవి ఇస్పేటు రాజు, కళావరు రాజు, ఇస్పేటు 7, ఇస్పేటు 3, డైమను 3, ఆఠీను 2, కళావరు 2. కౌంటు 20, 7, 6, 4, మొత్తం 37. ఈ క్షణంలో ఎవరైనా షో చేసినా (చెయ్యి పూర్తయిందని ముక్కలు పరిచినా) పోయేది 37. మీరు 40 ఇచ్చి లేస్తున్నారు, అంటే మూడు పాయింట్లు ఊరికే ఇచ్చినట్టు. పైగా ఒక్క వంతు ఆగి రాజుని పారేసి చిన్న ముక్క ఉంచుకుంటే 30 దగ్గరికి వస్తుంది. పెద్ద ముక్క వస్తే దాన్నే పారేస్తారు కాబట్టి ఈ చెయ్యి 37 కన్నా పెరగదు.

ఇంకో చెయ్యి: ప్యూర్ లేదు, అన్నీ చిన్న ముక్కలు, పదమూడూ కలిపి 38. దీన్నీ డ్రాప్ చేయకూడదు, ప్యూర్ లేకపోయినా సరే. చిన్న ముక్కల చెయ్యి తనంతట తనే కాపలా కాసుకుంటుంది.

మూడోది: ప్యూర్ లేదు, ఆరు బొమ్మలు, కౌంటు 74. ప్యూర్‌కి నాలుగు ముక్కల దారి ఉంది. వస్తే 30 పోతుంది, రాకపోతే 74. సగటున 60 పోతుంది. ఇక్కడ 40 ఇచ్చి లేవడం సరైన పని. ఎనిమిది ముక్కల దారి ఉన్నా సగటు 50, అప్పుడూ లేవడమే. మిడిల్ డ్రాప్ ఇలాంటి చేతులకి మాత్రమే. కొన్ని ఇళ్లలో రెండు సీక్వెన్సులుంటే తప్ప కౌంటు తగ్గించరు. ఆ నియమం ఆటకి కూర్చునే ముందే అడగండి, లేకపోతే మూడో చేతికి వేసిన 30 మారిపోవచ్చు.

ఎదుటివాళ్లు ఈ లెక్కలు వేసుకోకపోవడం వల్ల మీకు వచ్చే పాయింట్లు న్యాయమైనవే. డ్రాప్ చేసినవారు తమ ముక్కలు పక్కవారికి చూపించడం, భార్యాభర్తలు ఒకరికి పనికొచ్చే ముక్క ఇంకొకరు పారేయడం న్యాయం కాదు. దంపతుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టండి, డ్రాప్ చేసిన చెయ్యి బోర్లించే ఉంచండి. ఓడుతున్న బావగారో తమ్ముడో పాయింటు రేటు రెట్టింపు చేద్దామంటే గెలుస్తున్నవారే ముందు వద్దనాలి. ఆ గడియలో అతను ముక్కల్ని చూడటం మానేసి పోయిన డబ్బునే చూస్తుంటాడు. అక్కడ వచ్చే డబ్బు మీ ఆటవల్ల వచ్చింది కాదు.

రేటు ఎలా పెట్టాలంటే, కూర్చున్నవాళ్లలో ఆదాయం తక్కువున్నవారు ఒక సాయంత్రం పోయినా పట్టించుకోని మొత్తాన్ని వెయ్యితో భాగించండి. నలభై ఆటల్లో ఒక్కటీ గెలవక, ఆటకి సగటున 25 పోతే వెయ్యి పాయింట్లు. ఆ మొత్తం 500 రూపాయలైతే పాయింటు అర్ధరూపాయి. అప్పు మీద ఆట వద్దు. చివరి ఆట ఏదో ముందే చెప్పుకుంటే గెలిచి లేచిపోయారన్న మాట రాదు.

ఇల్లు ఇచ్చినందుకు ఆటకింత అని తీసుకోకండి. 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది; అదే తీర్పులో, ఇంటివారో క్లబ్బువారో ఆట మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చనీ అంది. ఆ తర్వాత 1974 నాటి గేమింగ్ చట్టాల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో బిగించాయి. పాత తీర్పు చూసుకుని ధైర్యపడకండి. డబ్బు లేకుండా చింతగింజలతో ఆడినా ఈ పాఠంలోని లెక్కలన్నీ ఇలాగే పనిచేస్తాయి.

అభ్యాసం: ఒంటరిగా కూర్చుని పదమూడేసి ముక్కలు యాభైసార్లు పంచుకోండి. ప్రతిసారీ జోకరు, ఓపెన్ కార్డు తెరిచి, ప్యూర్‌కి దారి ఎన్ని ముక్కలో, డ్రాపో ఆటో, చేతి కౌంటెంతో రాయండి. తర్వాత మిగిలిన పేకలోంచి ఎనిమిది ముక్కలు తిప్పి, ప్యూర్ వచ్చిందో లేదో పక్కన గుర్తు పెట్టండి. నాలుగు ముక్కల దారి ఉన్న చేతుల్ని విడిగా లెక్కేసి, మూడింట ఒకదానికన్నా బాగా తక్కువ వస్తే ముందుగా పేక సరిగ్గా కలుపుతున్నారో లేదో చూసుకోండి.