బందరు చూడాలంటే: ఊరి మనిషిని గైడ్‌గా పెట్టుకుని ఒక్క రోజులో పాత మచిలీపట్నం తిరగడం ఎలా?

బందరు వెళ్ళొచ్చిన చాలామంది "అక్కడ చూడ్డానికి ఏముందండీ, బీచ్ తప్ప" అంటుంటారు, మొదటిసారి నేనూ దాదాపు అలాగే తిరిగొచ్చేశాను. డచ్చి వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తే గేటుకి తాళం, కాసేపు అటూ ఇటూ తచ్చాడి బయట నుంచే ఫోటో తీసుకుని వచ్చేశా. రెండోసారి ఊరి పెద్దమనిషి ఒకాయన్ని వెంటబెట్టుకుని వెళ్తే ఆయన పక్క వీధిలో ఎవర్నో పిలిచారు, అయిదు నిమిషాల్లో తాళం తీశారు. ఈ ఊళ్ళో గోల్కొండలాగా నిలబడి కనిపించే కట్టడాలు తక్కువ. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానులో సముద్రం ఊరి మీద పడి 30 వేల మంది దాకా పోయారు, కోట పాడుబడిపోయింది. మిగిలిన చరిత్ర చాలావరకు పేటల పేర్లలో, అక్కడి జనం నోళ్ళలో ఉంది, అందుకే తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే సగం ఊరు చూడనట్టే.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళ కాలం చూడాలా, కలంకారీ, అంటే గుడ్డ మీద చెక్క అచ్చులతో రంగులద్దే పని చూడాలా, స్వాతంత్ర్యోద్యమం మీద ఆసక్తా? మూడోది అయితే అది ఇంకో బందరు అండి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఇక్కడే, జాతీయ కళాశాల ఇక్కడే, కృష్ణా పత్రిక ఇక్కడిదే, జెండా పింగళి వెంకయ్య గారి ఊరు భట్లపెనుమర్రు కూడా ఈ చుట్టుపక్కలే. అన్నీ ఒక్క రోజులో కుక్కితే ఏదీ మనసుకి పట్టదు. నా మాట వింటే మొదటి ట్రిప్పుకి పాత రేవు, కలంకారీ ఈ రెండే పెట్టుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, ఎండాకాలం ఉక్కపోత తట్టుకోలేం, అక్టోబరు నవంబరుల్లో తుఫాన్ల భయం.

గైడ్‌ని పట్టుకోవడం

గేటు దగ్గర గైడ్లు వెంటపడే ఊరు కాదిది, మనమే వెతుక్కోవాలి. లాడ్జి వాళ్ళని అడగండి, బందరు చుట్టాలుంటే వాళ్ళని అడగండి, రిటైరైన టీచర్లు, కాలేజీ లెక్చరర్లు, పాతికేళ్ళుగా ఆటో తోలుతున్నవాళ్ళు, వీళ్ళలో మంచివాళ్ళు దొరుకుతారు. లెక్చరర్ గారికి తారీఖులు తెలుస్తాయి, ఆటో ఆయనకి ఏ తలుపు ఎవరు తీస్తారో తెలుస్తుంది, కుదిరితే ఇద్దర్నీ కలిపి పెట్టుకోండి, డబ్బులు కాస్త ఎక్కువైనా దానికి తగ్గ ఫలితం ఉంటుంది.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "వలందపాలెం అన్న పేరు ఎలా వచ్చిందండీ?" అని. డచ్చి వాళ్ళని, అంటే హాలండ్ వాళ్ళని, మనవాళ్ళు వలందులు అనేవాళ్ళు, వాళ్ళున్న చోటు వలందపాలెం. ఫ్రెంచి వాళ్ళు పరాసులు, వాళ్ళది పరాసుపేట. ఇంగ్లీషు వాళ్ళది ఇంగ్లీషుపాలెం, 1611లో గ్లోబ్ అనే ఓడలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు దిగింది ఈ రేవులోనే. ఫ్రాన్సు చేతిలో ఈ ఊళ్ళో చిన్న ముక్క 1947 దాకా ఉందంటే నమ్మబుద్ధి కాదు కదా! ఇవన్నీ తడుముకోకుండా చెప్పే మనిషైతే ఖాయం చేసేసుకోండి. ఇంకో చిన్న పరీక్ష, మస్లిన్ అన్న మాట మచిలీపట్నం నుంచే వచ్చిందని బల్లగుద్ది చెప్తే కొంచెం ఆలోచించండి, నిఘంటువుల్లో అది ఇరాక్‌లోని మోసుల్ పేరు మీద వచ్చిందని ఉంటుంది. "అలా అంటారండీ, కానీ..." అనే మనిషి మాట ఎక్కువ నమ్మొచ్చు.

డబ్బుల సంగతి ముందే

రోజు మొత్తానికి ఎంత, బండి పెట్రోలు అందులోనేనా, మధ్యాహ్నం భోజనం ఎవరిది, ఇవన్నీ ముందు రోజే తేల్చుకోవాలి, తర్వాత మొహమాటపడొద్దు. ఇంకొకటి గట్టిగా చెప్పండి, "మేం చెప్పేదాకా ఏ షాపుకీ వద్దండీ, అడిగితేనే తీసుకెళ్ళండి" అని. ఒకసారి ఒకాయన మమ్మల్ని తిన్నగా ఒక బట్టల కొట్టుకి తీసుకెళ్ళి కలంకారీ అని చీరలు చూపించారు, మా అక్క రెండు కొనుక్కుంది, ఇంటికొచ్చి చూస్తే స్క్రీన్ ప్రింటు. ఇప్పటికీ ఆ చీరలు చూస్తే బాధేస్తుంది, డబ్బుల గురించి కాదు, కలంకారీ చేసే పక్క ఊరు పెడనలో ఎండలో నిలబడి అద్దే మనిషికి అందాల్సింది అందలేదు కదా అని.

రోజుని ఇలా వేసుకోండి

విజయవాడ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, బస్సులూ రైళ్ళూ ఉన్నాయి, ముందు రోజు రాత్రికే చేరుకుంటే మంచిది. తెల్లవారుజామున చేపల రేవు గిలకలదిండి వెళ్ళండి, బోట్లు వచ్చే హడావిడి చూస్తే ఇది ఇప్పటికీ రేవు పట్నమే అని తెలుస్తుంది. అక్కణ్ణుంచి బందరు కోటకి, అందులో పాత ఆయుధాగారం, గంట స్తంభం మిగిలాయి, 1759లో ఇంగ్లీషు వాళ్ళు ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్న కోట ఇదే. ముళ్ళ చెట్లుంటాయి, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి.

ఎండ ముదరకముందే డచ్చి సమాధులకి వెళ్ళండి. 17వ శతాబ్దపు రాళ్ళు, అక్షరాలు రాతిలోకి చెక్కినవి కాదు, పైకి ఉబ్బెత్తుగా ఉంటాయి, పైన ఆ కుటుంబాల చిహ్నాలు. ఏటవాలు ఎండలోనే అవి బాగా కనపడతాయి, నడినెత్తి మీదికి ఎండొస్తే రాయంతా ఒకేలా తెల్లబోతుంది. మా గైడు గారు ఒక అక్షరం మీద నా వేలు పెట్టించి చదివించారు, ఎక్కడో చలిదేశం నుంచి వచ్చి ఇక్కడి ఉప్పుగాలిలో పోయిన మనిషి పేరు అలా చేతికి తగిలితే ఏదోలా అయిపోయింది.

పెడనలో మాత్రం పొద్దున పదింటికి ఉండేలా చూసుకోండి, పది కిలోమీటర్లే. బట్టలు ఎండేయాలి కాబట్టి ఎండున్నప్పుడే పని జోరుగా ఉంటుంది, ఆ రోజు పనుందో లేదో గైడ్‌తో ముందే ఫోన్ చేయించండి. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు, లేత పసుపుగా అవుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావకంలో చెక్క అచ్చు ముంచి అద్దితే, ఆ ద్రావకం గిన్నెలో చూస్తే ఏమంత నల్లగా ఉండదు, గుడ్డ మీద పడగానే కరక్కాయతో కలిసి కళ్ళముందే నల్లబడుతుంది! అది చూడ్డానికే వెళ్ళొచ్చు. ఎర్రకి పటిక అద్ది తర్వాత ఉడకబెడతారు. అచ్చు పెట్టి పైన చేత్తో ఒక్క దెబ్బ వేస్తారు, అచ్చుకీ అచ్చుకీ కలిసే చోట వెంట్రుకవాసి తేడా వస్తుంది, ఆ తేడానే చేతిపని గుర్తు. స్క్రీన్ ప్రింటులో అది ఉండదు, వెనక్కి తిప్పితే రంగు కూడా సరిగా దిగి ఉండదు. కొనేదుంటే ఇక్కడే కొనండి. ఫోటో తీసేముందు అడగండి, పని మధ్యలో వాళ్ళ చెయ్యి ఆపించొద్దు.

సాయంత్రం మంగినపూడి బీచ్, ఇసుక కాదు నల్లటి నేల, అందుకే నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, చూసి డిజప్పాయింట్ అవ్వొద్దు. తిరుగుదారిలో బందరు లడ్డు. శనగపిండిని పూసలా వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకం నెయ్యి కలిపి మళ్ళీ దంచుతారు కాబట్టి తొక్కుడు లడ్డు అన్నారు, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఏ కొట్లో కొనాలో గైడ్‌ని "మీ ఇంటికైతే ఎక్కడ కొంటారు?" అని అడగండి, ఆ ప్రశ్నకి వచ్చే జవాబే అసలు జవాబు. ఒక అరకిలో ఎక్కువ కట్టించి ఆయన ఇంటికి కూడా ఇచ్చి పంపండి.